నరసక్క కొలిచిన నీళ్లు

పెనుకొండ దగ్గర హైవే పక్కన ఓ విడిభాగాల ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, దాని గేటుకు పెద్ద బోర్డు ఒకటి ఉండేది. నాణ్యతే మా ఊపిరి అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉండేది. దాన్ని చదవగలిగినవాళ్లు ఆ సైటులో ఏడెనిమిది మంది. నమ్మింది మాత్రం ఒక్కరే. ఆమెకు చదువు రాదు. కాపలా అతన్ని అడిగి అర్థం తెలుసుకుంది. పేరు నరసక్క.

నరసక్కది పరిగి పక్క పల్లె. యాభై రెండేళ్లు ఉంటాయి. ఇరవై ఏళ్లు తల మీద కాంక్రీటు తట్టలు మోసి, నడుము పట్టేశాక, పోసిన కాంక్రీటుకు నీళ్లు పట్టే పనిలోకి మారింది. సైటులో అన్నిటికంటే చిన్న పని అదేనని అందరి అభిప్రాయం. పైపు పట్టుకుని నిలబడటానికి తెలివెందుకు? కాంక్రీటు ఎండితే గట్టిపడదని, తడిగా ఉంచితేనే లోపల సిమెంటు పనిచేస్తుందని, గోనెపట్టాలు కప్పి కనీసం పది రోజులు తడుపుతూనే ఉండాలని ఆమెకు ఎప్పుడో ఓ ముసలి మేస్త్రీ చెప్పాడు. ఇంజినీర్ల పుస్తకాల్లోనూ అదే ఉంది. పుస్తకంలో భద్రంగా ఉంది కాబట్టి బయట ఎవరూ దాని గురించి బెంగపెట్టుకోలేదు.

కాంట్రాక్టరు ఆదినారాయణది ధర్మవరం. అంతకుముందు పట్టుచీరల వ్యాపారం చేసేవాడు. అంచులో ఒక్క పోగు తప్పినా చీరను నేసినవాడి ముఖాన కొట్టేవాడని పేరు. సిమెంటు దగ్గరికి వచ్చేసరికి ఆయన మనసు విశాలమైంది.

కాంక్రీటు పోసిన ప్రతిసారీ దానిలోంచే తీసి కొన్ని క్యూబులు, అంటే చిన్న చదరపు దిమ్మెలు, పోయాలి. వాటిని ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో ఉంచి, ల్యాబులో పగలగొట్టి బలం చూడాలి. ఆదినారాయణ సైటులో ఆ క్యూబులది రాజయోగం. వాటికోసం వేరే కలిపేవారు, సిమెంటు రెండు పారలు ఎక్కువ వేసి. నీడలో తొట్టి, తొట్టి నిండా నీళ్లు, కొత్త అల్లుడికి జరిగే మర్యాద. బయట ఎండలో నిలబడ్డ పిల్లర్లకు మాత్రం మూడు రోజులు నీళ్లు దక్కేవి. నాలుగో రోజు ట్యాంకరు రాలేదనేవారు. రిపోర్టులు బ్రహ్మాండంగా వచ్చేవి. ఆ సైటులో అన్నిటికంటే గట్టిగా కట్టింది రిపోర్టులనే.

సైటు ఇంజినీరు తనూజది హిందూపురం. ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఓ రోజు నరసక్క పైపు పక్కన పడేసి ఆమె దగ్గరికొచ్చింది.

"ఆ తొట్లో దిమ్మెలకేమో ఇరవై ఎనిమిది దినాలు స్నానం. పిల్లర్లకేమో మూడు దినాలు. రేపు బరువు మోసేది ఎవురు పాపా?"

ఇదే సంగతి గురించి తనూజ అప్పటికే ఆదినారాయణకు రెండుసార్లు ఉత్తరం రాసింది. రెండుసార్లూ ఆయన శ్రద్ధగా చదివి, ఇంగ్లీషు బాగుందని మెచ్చుకున్నాడు.

మే నెలలో మిషన్లు వచ్చాయి. నాలుగు. మిషను అడుగున ఉండే ఇనుప పలకకూ కింది కాంక్రీటు దిమ్మెకూ మధ్య రెండంగుళాల సందు వదిలి, దాన్ని గ్రౌట్‌తో నింపుతారు. ముడుచుకోకుండా గట్టిపడే పోత అది. సందు పూర్తిగా నిండితే మిషను కదలదు. లోపల ఖాళీ మిగిలితే ఊగుతుంది, బోల్టులు వదులవుతాయి. ఎన్ని నీళ్లు పోయాలో సంచి మీదే రాసి ఉంటుంది. ఆ సంచికి నాలుగు లీటర్లు.

మేస్త్రీ వెంకటేష్‌కు పద్దెనిమిదేళ్ల అనుభవం. అనుభవం పెరిగేకొద్దీ కొలతలతో పని తగ్గుతుందని ఆయన సిద్ధాంతం. మిట్టమధ్యాహ్నం, కాలిపోతున్న పొడి దిమ్మెల మీద పని మొదలుపెట్టాడు. సంచికి ఇన్ని నీళ్లని లేదు, బకెట్టెత్తి వంచడమే. గ్రౌట్ మజ్జిగలా పారింది. తొందరగా అయిపోవాలని రెండు వైపుల నుంచీ పోయించాడు. లోపలి గాలి ఎటు పోవాలో ఎవరూ ఆలోచించలేదు. తనూజ అడ్డుపడితే ఆయన నవ్వాడు.

"మీరు చదివింది నాలుగేండ్లు మేడమ్. నేను పోస్తాండేది పద్దెనిమిదేండ్లు."

గంట తర్వాత మూడు మిషన్ల కింద గ్రౌట్ పైన, ఆరితే ఖాళీనే మిగిల్చే నీళ్లు తేలి నిలబడ్డాయి. ఎంత నున్నగా మెరుస్తోందో చూడమన్నాడు వెంకటేష్.

నాలుగో మిషను మిగిలింది. ప్రారంభోత్సవం దగ్గరపడుతోంది. అన్నీ సవ్యంగా జరగాలని మొక్కుకోవడానికి ఆదినారాయణ మేస్త్రీని వెంటబెట్టుకుని రెండు రోజులు కదిరికి వెళ్లాడు. చేయాల్సిన పనంతా నరసింహస్వామికి అప్పగించి వచ్చే ఉద్దేశం కాబోలు.

ఆ రెండు రోజుల్లో నాలుగో మిషను పని తామే చేద్దామని తనూజ అన్నప్పుడు నరసక్కకు భయం వేసింది. ఇన్నేళ్లలో నీళ్లు పట్టమన్నవాళ్లే తప్ప, ఎన్ని పట్టాలని ఆమెను అడిగినవాళ్లు లేరు. తప్పు జరిగితే ఇద్దరి పనీ పోతుంది.

"ఏమన్నా అయితే నా పేరు చెప్పు నరసక్కా" అంది తనూజ.

"నీ పేరెందుకు పాపా? నీళ్లు పోస్తాండేది నేను కదా."

పొడి దిమ్మె గ్రౌట్‌లోని నీళ్లు పీల్చేయకుండా, మొదటి రోజంతా నరసక్క దాని మీద గోనెపట్టాలు పరిచి తడుపుతూనే ఉంది. రెండో రోజు తెల్లారకముందే వచ్చి, నిలిచిన నీళ్లను గుడ్డతో ఒత్తి తీసేసింది. ఇద్దరు కూలీలు కలుపుతుంటే సంచికి నాలుగు లీటర్లు తానే కొలిచి పోసింది. చిక్కగా ఉంది, ఇంకో చెంబు పోయమని వాళ్లు బతిమాలినా పోయలేదు. ఒక వైపు నుంచే వంచుతూ, రెండో వైపు నుంచి గ్రౌట్ పొంగి బయటికి వచ్చేదాకా ఆగలేదు. ఎండ ఎక్కేసరికి తడి గోనెపట్టాలు కప్పి, ఆ పక్కనే కూర్చుని సద్ది విప్పుకుంది.

కదిరి నుంచి వచ్చిన ఆదినారాయణ ప్రసాదం అందరికీ పంచాడు. తనూజకు ప్రసాదంతోపాటు, అనుమతి లేకుండా పని చేసినందుకు మెమో కూడా ఇచ్చాడు.

వారం తర్వాత మిషన్ల కంపెనీ తరఫున రాఘవేంద్ర అనే ఆయన పరీక్షకు వచ్చాడు. చేతిలో చిన్న సుత్తి తప్ప మరేమీ లేదు. క్యూబుల రిపోర్టుల ఫైలు ముందు పెడితే పక్కకు జరిపి, మొదటి మిషను పలక చుట్టూ కొట్టుకుంటూ వచ్చాడు. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. రెండోదీ అంతే. మూడోదాని దగ్గర ఆయన కొట్టడం ఆపేసినా ఆదినారాయణ చెవుల్లో మోగుతూనే ఉంది. నాలుగోది బండరాయిలా పలికింది. రాఘవేంద్ర దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇది ఎవరు పోశారని అడిగాడు.

"మా వెంకటేషే సార్. పద్దెనిమిదేండ్ల అనుభవం" అన్నాడు ఆదినారాయణ.

ఎలా పోశావని రాఘవేంద్ర అడిగితే వెంకటేష్ "అనుభవంతో" అన్నాడు. సంచికి ఎన్ని నీళ్లంటే, "చాలినన్ని" అన్నాడు. తనూజ తలవంచుకుని మెమో సంగతి తలుచుకుంటోంది. గోడ పక్కన పైపు పట్టుకుని నిలబడిన నరసక్క ముందుకొచ్చింది.

"నాలుగు లీటర్లు సార్. ముందు దినమంతా దిమ్మె తడిపినాము. ఒక పక్కనుంచే పోసినాము. నేనూ, ఈ పాపా."

రాఘవేంద్ర తన కాగితంలో ఏదో రాసుకుని, తక్కిన మూడింటి కింద గ్రౌట్ పగలగొట్టి మళ్లీ పోయాలని చెప్పి వెళ్లిపోయాడు.

ప్రారంభోత్సవం మాత్రం ఆగలేదు. తొలి మూడు మిషన్లకూ బంతిపూల దండలు ఎంత దట్టంగా కట్టారంటే అడుగున ఏముందో స్వామికి కూడా కనబడదు. వచ్చిన పెద్దమనిషి నాలుగోదాని స్విచ్చి నొక్కాడు. అది ఒక్కటే తిరిగింది. ఫొటోలన్నీ దాని ముందే తీశారు. ఆదినారాయణకు శాలువా కప్పారు. పక్కన వెంకటేష్ నిలబడ్డాడు. నరసక్క ఆ పూట టెంటు వెనక అతిథులకు మంచినీళ్లు అందిస్తోంది.

దండలు వాడిపోయాక మూడు దిమ్మెల మీది గ్రౌట్ పగలగొట్టారు. ఈసారి నరసక్క చెప్పినట్టు పోయమని ఆదినారాయణ తనే వచ్చి నిలబడ్డాడు. మెమో మాట ఎవరూ ఎత్తలేదు. దాన్ని వెనక్కీ తీసుకోలేదు.

నాలుగు నెలల తర్వాత ధర్మవరంలో ఆదినారాయణ సొంత ఇంటికి స్లాబు పడింది. ఆ పనికి పద్దెనిమిదేళ్ల అనుభవాన్ని ఆయన పిలవలేదు. పరిగికి కారు పంపి నరసక్కను రప్పించాడు. ఆమె స్లాబు మీద మట్టి గట్లు కట్టి, మడిలో నిలిపినట్టు నీళ్లు నిలిపి, పద్నాలుగు రోజులు తగ్గకుండా చూసుకుంది. ట్యాంకరు ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆయన మీద కోపం లేదా అని తోటి ఆడవాళ్లు అడిగితే, "స్లాబుకేం తెలుసు అది ఎవురిదో" అంది.

చివరి రోజు ఆమె ఆదినారాయణ దగ్గరికి వెళ్లింది. బత్తలపల్లిలో ఆయన ఓ బడి కడుతున్నాడని, దానికి వచ్చే సోమవారమే స్లాబు పడుతుందని ఆమె విన్నది.

"ఆ బడికి నీళ్లు ఎవురు పడతాండారు సార్?"

అక్కడికి ట్యాంకరు దొరకడం కష్టమన్నాడు ఆయన.

"ఈడికి వచ్చిందే ఆడికీ వస్తుంది సార్. బత్తలపల్లి ఎంత దూరముండాది?"

ఆయన ఇంటి స్లాబు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, తర్వాత ఫోను తీసి ట్యాంకరు అతని నంబరు వెతికాడు. సోమవారం నరసక్క బత్తలపల్లి బస్సెక్కింది. ట్యాంకరు కూడా వచ్చింది. బడి స్లాబుకు పది రోజులు నీళ్లు అందాయి. పదకొండో రోజు ఆదినారాయణ ట్యాంకరు ఆపించి, తన ఇంటి లెక్కలో నాలుగు రోజుల నీళ్లు మిగిల్చానని సంతోషపడ్డాడు. అప్పటికి స్లాబుకు కావలసినన్ని నీళ్లు నరసక్క తాగించేసింది.