జ్ఞానమ్మగారు వదులుకున్న రొట్టె

ఆదివారం మా గుడిలో ప్రభువు బల్ల మీద పెట్టే రొట్టె మా అత్తగారు జ్ఞానమ్మగారే కాల్చేవారు. మామగారు చనిపోయిన ఏడాది పాస్టరు ఎబినేజర్ గారు అప్పజెప్పిన పని అది. శనివారం తలస్నానం చేసి, గోధుమపిండి కలిపి, పెనం మీద కాల్చి, తెల్లగుడ్డలో చుట్టేవారు. వరి కోతలకెళ్లి కాయలు కాసిన చేతులు ఆవిడవి. ఆ చేతులతో చేసింది ఊరు ఊరంతా కళ్లు మూసుకుని తింటుంటే ఆవిడ మాత్రం కళ్లు తెరిచి చూసుకునేవారు.

నాకేమో గోధుమ పడదు. ఏ కాస్త తగిలినా పేగు దెబ్బతింటుందని పెళ్లయిన కొత్తలో కాకినాడ డాక్టర్లు పరీక్షలు చేసి చెప్పారు. అప్పట్నుంచీ నా గిన్నెలు వేరు. బల్ల దగ్గర రొట్టె వదిలేసి, గిన్నెలోని ద్రాక్షరసం ఒక్కటే తీసుకుంటాను.

పోయిన వేసవిలో మావారు శ్యామ్ సుందర్ గుండెపోటుతో పోయారు. నేను మంచం దిగలేదు. కంచంలో అన్నం ఇంకెవరిదో అనిపించేది. అత్తయ్యగారే నన్ను ఆటో ఎక్కించి అమలాపురం తీసుకెళ్లారు. డాక్టర్ హేమ గారు దిగులు తగ్గడానికి బిళ్లలు రాశారు. రోజూ పొద్దున్నే వేసుకోమన్నారు.

మర్నాటి నుంచే కడుపులో తిప్పడం, విరేచనాలు. అచ్చం గోధుమ తగిలినప్పటిలాగే.

"ఏం తిన్నావే అమ్మాయ్?"

"మీరు పెట్టిందేనండి."

ఆవిడ ముఖం పాలిపోయింది. వంటింట్లో వెతుకులాట మొదలుపెట్టారు. పక్కింటి భవానీదేవి ఇంగువ డబ్బా మీద రాసింది చదివి, ఇందులోనూ గోధుమపిండి కలుపుతారండి అంది.

"ఇంగువలోనా! రేపు గోదారిలో కూడా కలుపుతారే వీళ్లు!" అంటూ డబ్బా దొడ్లోకి విసిరేశారు.

పిండిమరలో గోధుమలు ఆడాకే మన బియ్యం పోస్తారని గుర్తొచ్చి, అటక మీది తిరగలి దింపారు. ఆ వయసులో, కూర్చుని తానే విసిరారు. అయినా నా కడుపు కుదుటపడలేదు. అప్పుడావిడ, వారం వారం గోధుమపిండి కలిపే తన చేతులకేసి చూసుకున్నారు.

ఆ శనివారం పిండిడబ్బా పట్టుకెళ్లి పాస్టరు గారింట్లో పెట్టేశారు. వాళ్లిల్లు మా గోడ అవతలే. మాటలన్నీ వినపడ్డాయి.

"మీరు కాకపోతే ఎవరు చేస్తారండీ?"

"అమ్మగారు చేస్తారు లెండి."

"మా ఆవిడ చేస్తే అప్పడమేనండి."

"వినపడుతోందండోయ్!" అని లోపల్నుంచి అమ్మగారు.

అత్తయ్యగారు నవ్వలేదు. "కొడుకుని మట్టిలో పెట్టేనండి. కోడల్ని నా చేతులారా పెట్టలేను."

రొట్టె పోయినా కడుపునొప్పి పోలేదు. బిళ్లలు మానేస్తానన్నాను.

"మానడానికి నువ్వెవరు, మాన్పడానికి నేనెవరు? ఆ డాక్టరమ్మనే అడుగుదాం, లే."

హేమ గారు అంతా విన్నారు. "గోధుమ కాదనుకుంటానండి. ఈ మందే మొదట్లో కడుపు తిప్పుతుంది. ఖాళీ కడుపున వేసుకుంటున్నారా?"

"ఆయ్. తింటే కదండీ!" అన్నారు అత్తయ్యగారు.

"ఏదైనా తిన్నాకే వేసుకోండి. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. లేకపోతే మందు మారుస్తాను. మీ అంతట మీరు ఆపకండి."

"మరి బిళ్లలో గోధుమపిండి ఉండదాండీ?"

హేమ గారు కంపెనీ వాళ్లకి ఫోన్ చేసి కనుక్కున్నారు. మొక్కజొన్న పిండేనట.

ఆ రోజు నుంచీ ముందు గంజి, తర్వాత బిళ్ల. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆవిడ ఎదురుగానే నిలబడేవారు. మెల్లగా కడుపు కుదుటపడింది. లోపల ముసురు కూడా కాస్త పలచబడింది.

పాస్టరు గారు వచ్చి, మీ చేతిలో ఏ తప్పూ లేదని తేలింది కదండీ, రొట్టె మళ్లీ మీరే చెయ్యాలి అన్నారు.

"చేస్తానండి. మీ వంటింట్లో. ఆ పిండి ఇక మా గుమ్మం ఎక్కదు."

ఇప్పుడు శనివారాలు అక్కడే కాల్చి, అక్కడే స్నానం చేసి, చీర మార్చుకుని వస్తారు.

మొన్న ఆదివారం గుడికి వెళ్లాను. మావారు పోయాక వెళ్లడం అదే మొదలు. పళ్లెం మా వరసలోకి వచ్చింది. అత్తయ్యగారు అందుకుని, తను చేసిన రొట్టెని తను తుంచుకోకుండానే పక్కకి పంపేశారు.

"మీరు తీసుకోలేదేంటండీ?"

"నీకు చాలిన గిన్నె నాకు చాలదా? కళ్లు మూసుకో."

మూసుకున్నాను. ఎన్నాళ్లకో కడుపులో చిన్న కదలిక. తిప్పడం కాదు. ఆవిడ చెవి దగ్గరికి వంగి, "ఆకలేస్తోందండి" అన్నాను.

ప్రార్థన ఇంకా సగంలోనే ఉంది. కళ్లు తెరిచేసరికి ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు.