బొప్పాయి కప్పు

మా ఆవిడ భ్రమరాంబకు అనుమానం రాని వస్తువు కెనడాలో మేముంటున్న ఈ మిల్టన్‌లో లేదు. పాల డబ్బా మీది తేదీని నమ్మదు. ఫోన్‌లో చలి ఎంతో చూశాక కూడా తలుపు తీసి చెయ్యి బయట పెడుతుంది. దుకాణంలో బొప్పాయిని అటూ ఇటూ తిప్పి, తొడిమ దగ్గర వాసన చూసి, ఏ దేశానిదో స్టిక్కర్ చదివి గాని బుట్టలో వేయదు.

అలాంటి మనిషి, బొప్పాయి తింటే అరుగుదల బాగుంటుందని, అనాస మోకాళ్ల వాపు తీస్తుందని ఎవరో వీడియోలో చెప్తే మారుమాట లేకుండా నమ్మేసింది. మోకాళ్ల సంగతి నాకిప్పటికీ సందేహమే. మెట్లెక్కేటప్పుడు ఆవిడ మూలుగు తగ్గలేదు. పొట్ట మాత్రం తేలికపడిందని ఒప్పుకోవాలి. ఇక ఇంట్లో అందరికీ పొద్దున్నే తలా ఒక కప్పు పళ్లముక్కలు తప్పనిసరి అయ్యాయి. మా అబ్బాయి అభిరామ్ టొరంటో రైలు అందుకునే హడావిడిలో నిలబడే మింగేవాడు. కోడలు చాందిని ఒక్కతే ఇష్టంగా తినేది.

జనవరిలో ఒకరోజు చాందిని కప్పు పక్కకు జరిపింది.

"ఇవాళ వద్దత్తయ్యా. ఎసిడిటీగా ఉంది."

మర్నాడూ అదే మాట. ఆ తర్వాత అనాస ముక్కలు చెత్తబుట్టలో టిష్యూల కింద కనిపించాయి. భ్రమరాంబ నన్ను గరాజ్‌లోకి లాక్కుపోయింది.

"ఏమండీ, నాకేదో డౌటుగా ఉంది. ఎసిడిటీ అన్న పిల్ల నిన్న ఆవకాయ కలుపుకుని తింది."

"తింటే?"

"బొప్పాయి, అనాస. సరిగ్గా ఈ రెండే ఎందుకు మానేసిందండీ?"

నాకప్పుడు వెలిగింది. కడుపుతో ఉన్నవాళ్లు ఆ రెండు పళ్లూ ముట్టకూడదని మా ఇళ్లలో గట్టి పట్టింపు. పిల్లలిద్దరూ బిడ్డ కోసం ఏళ్లుగా క్లినిక్‌ల చుట్టూ తిరుగుతున్నారు. కిందటిసారి తొందరపడి అందరికీ చెప్పుకుని, తర్వాత అందరికీ జవాబు చెప్పలేక ఏడ్చారు. అందుకే ఈసారి నోరు విప్పడం లేదు కాబోలు.

"నువ్వేం అడక్కు," అన్నాను.

"నాకు తెలీదేమిటి?" అని కసిరింది.

ఆ రోజు నుంచి బొప్పాయి ఇంట్లోకి రాలేదు. కప్పుల్లోకి ఆపిల్ ముక్కలు వచ్చాయి. చాందిని మెట్లు దిగుతుంటే భ్రమరాంబ ఊపిరి బిగబట్టి చూసేది. ఆ పిల్ల కాస్త ఎక్కువసేపు పడుకున్నా అనుమానమే, త్వరగా లేచినా అనుమానమే. నిజం చెప్పొద్దూ, ఆ అనుమానం నాకూ ఎంతో తీపిగా ఉండేది. అటక మీది ఉయ్యాల గురించి ఇద్దరం మాట్లాడుకున్నాం కూడా.

ఫిబ్రవరిలో ఒక ఉదయం అభిరామ్ రైలుకు వెళ్లలేదు. వాళ్ల గది తలుపు చాలాసేపు తెరుచుకోలేదు. చివరికి చాందిని ఒక్కతే కిందికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. ఆపిల్ కోస్తున్న అత్తగారి పక్కకు వచ్చి కప్పులోకి చూసింది.

"బొప్పాయి తేలేదా అత్తయ్యా?"

భ్రమరాంబ చెయ్యి ఆగిపోయింది.

"ఈసారి తెప్పించండి," అంది చాందిని. "ఇక నేను తినొచ్చు."

భ్రమరాంబ కత్తి పక్కన పెట్టి, కోడల్ని గుండెలకు హత్తుకుని, ఆ పిల్లకంటే ముందు తనే ఏడ్చేసింది.