రంజన్‌కు పట్టిన చెమట

ఈ ఎండాకాలం కూడా కొత్త రంజన్ కుండ తెచ్చి నీళ్లు పోశాను. తడిసిన మట్టి వాసన రాగానే, ఒకప్పుడు మా మేడ మీద అద్దెకున్న సుజాత మేడం గుర్తొచ్చింది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. నేను చదివింది మూడో తరగతి. అయినా నాకూ ఆమే పంతులమ్మ.

ఆమె మా మేడ మీదున్నప్పుడే ఒక ఏడు మా మనుమరాలు సంధ్య డిగ్రీ ముగించి, హన్మకొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతానని పట్టుబట్టింది. కొడుకు, కోడలు నిర్ణయాన్ని నా మీదికి తోశారు. నౌకరీ రాని చదువు దండుగని నేను ఒప్పుకోలేదు. ఫీజు గడువు దగ్గరపడుతోంది. పిల్ల ముఖంలో నవ్వు లేదు, పళ్లెంలో అన్నం తరగడం లేదు.

అప్పుడే నా కన్ను రంజన్ మీద పడింది. చుట్టూ చెమట, కింద బండ ఎప్పుడూ తడే. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో ఇంత దండుగా? తలుపులకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు తెచ్చి, రంజన్ చుట్టూ దట్టంగా పూశాను. బండ ఆరింది. గెలిచాననుకున్నాను. ఎండన పడి వచ్చిన మేడం గ్లాసు ముంచుకుని, ఒక్క గుక్కకే ఆగిపోయింది.

"పెద్దమ్మా, చాయ్‌కి కాగబెట్టిన నీళ్లా ఇవి?"

"రంజన్‌వే బిడ్డా. కారుతాందని రంగేసిన."

మేడం మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. ఎన్నాళ్లకో సంధ్య కూడా నవ్వింది.

"నానమ్మా, ఆ చెమట ఆరేటప్పుడే లోపలి వేడిని గుంజుకపోతది. నువ్వు గదే బంద్ జేస్తివి. ఇగ సల్లదనం ఎక్కడికెల్లొస్తది?"

"గింత ముచ్చట తెలిస్తె నౌకరిస్తరానే?" అన్నాను.

మేడం అందుకుంది. "గీ ముచ్చటతోనే మొదలైతది పెద్దమ్మా. నా దగ్గర చదివినోళ్లల్ల ఒకామె వాతావరణం ఆఫీసుల ఉన్నది. ఒకాయన కాలేజీల పాఠం చెప్తాండు. ఇంకో పిల్ల కాన్సర్ దవాఖానల, రోగికి కిరణాలు ఎంత పెట్టాల్నో లెక్క గడతది. కొందరికి జర ఆలస్యమైంది, అబద్ధమెందుకు? కానీ కారేదంతా దండుగ కాదు."

ఆలస్యాన్ని దాచకుండా చెప్పింది కనుకనే నమ్మాను. మర్నాడే కొడుకును పిలిచి ఫీజు కట్టమన్నాను. రంగు రంజన్‌ను మాత్రం పారేయలేదు; బియ్యం పోసుకున్నాను.

మేడం రిటైరై పాలకుర్తి దగ్గర సొంతూరికి వెళ్లిపోయింది. సంధ్య ఎమ్మెస్సీ తర్వాత మరో కోర్సు చేసి, ఇప్పుడు తనే కాన్సర్ దవాఖానలో కిరణాల మోతాదు చూస్తోంది. ఇంటికొస్తే ముందు రంజన్ దగ్గరికే పోతుంది.

"సల్లగున్నయా?" అని అడుగుతాను.

"జిల్లుమంటున్నయి నానమ్మా!" అంటుంది.

కింద బండ తడిస్తే ఇప్పుడు ఎవరినీ ఏమీ అనను. అలాగని దండుగ కానిస్తానా? ఆ తడి కారే చోటికి పుదీనా కుండీ జరిపాను.