పడకగది గడప దాటని మెకానిక్

బాలలక్ష్మి పెద్దకర్మ నాడు కోరుట్లలోని ఆ ఇంట్లో ఎవరో ఏసీని పదహారు మీద పెట్టి, తలుపు బార్లా తెరిచి వదిలేశారు. గోడ మీద ఫొటోలోంచి, కొత్త దండ వెనక నుంచి ఆమె చూస్తూనే ఉంది. కాసేపటికి ఓ బంధువుకు ఆ చూపు తగిలినట్టుంది. లేచి తలుపు మూసి, ఇరవై ఆరుకు మార్చి, ఫ్యాను సన్నగా తిప్పాడు. "బతికుంటే ఈపాటికి మన బుగ్గలు వాసిపోయేవి," అన్నాడు. ఏడవాల్సినవాళ్లు కూడా నవ్వారు. ఊరికి ఏసీ వాడటం నేర్పిన మనిషి ఆమె. నేర్పడమంటే ఆమె భాషలో తిట్టడమే.

అంతకుముందు ఇరవై ఏళ్లు బీడీలు చుట్టింది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, వేళ్లకు కాయలు కాయించుకుంది. భర్త హన్మండ్లు కథలాపూర్ గౌడుల పిల్లవాడు. తాటిచెట్టు సగం ఎక్కేసరికి కళ్లు తిరిగేవి. "తాడెక్కనోడు ఇమానం ఎక్కిండు," అని తల్లి ఊరంతా చెప్పుకుంది. మస్కట్‌లో పన్నెండంతస్తుల మిద్దెల మీద ఏసీలు బిగించాడు. అక్కడ కళ్లు తిరగలేదు. బహుశా తిరిగినా ఆగి చూసే తీరిక లేదేమో.

పద్దెనిమిదేళ్ల కాపురంలో రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. మొత్తం కలిపితే కలిసి బతికింది ఏడాదిన్నర. "మాది కాపురం కాదు, చుట్టపుచూపు," అనేది బాలలక్ష్మి. కంపెనీ మునిగిపోయి, జీతాలు ఎగ్గొట్టి అందర్నీ పంపించేశాక హన్మండ్లు ఒక బ్యాగుతో, ఒక మెడనొప్పితో ఇంటికి వచ్చాడు. మళ్లీ పోనన్నాడు. ఆమె నమ్మలేదు. నమ్మనట్టు కనిపించనూ లేదు.

కోరుట్లలో ఏసీలకు కొదవ లేదు. అన్నీ సెలవు ఏసీలే. దుబాయి నుంచి మొగుడు వచ్చిన రెండు నెలలు నడుస్తాయి, తర్వాత పూలగుడ్డ కప్పుకుని పడుకుంటాయి. మళ్లీ వేసవిలో స్విచ్చి వేస్తే దగ్గుతాయి. ఇంతమంది రోగులుంటే వైద్యుడికి లోటేముంటుందని హన్మండ్లు పనిముట్ల సంచి కొన్నాడు.

మొదటి పిలుపు మొగిలవ్వ ఇంటి నుంచి. నిచ్చెన ఒక కొస అతను, రెండో కొస బాలలక్ష్మి పట్టుకుని వెళ్లారు. మొగిలవ్వ కొడుకు కువైట్‌లో ఉంటాడు. ఏసీ మేడ మీద, కోడలు సుమిత్ర పడకగదిలో ఉంది. ఆ గది గడపకు అడ్డంగా ముసలామె కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏసీ ఏడున్నదవ్వా?"

"లోపల."

"మరి జరుగు."

"నా కొడుకు లేనిది గా అర్రలకు మొగోడు పోడు. ఈన్నుంచే చెయ్యి."

"ఈన్నుంచి మంత్రం ఏయాల్నా?"

"ఏసి సూడు. పద్దెనిమిదేండ్లు నేర్సినవట గద."

హన్మండ్లు సంచి కింద పెట్టాడు. మస్కట్‌లో షేకుల ఇళ్లలో పనిచేసినప్పుడు కూడా ఇంత కాపలా చూడలేదు. బాలలక్ష్మి నిచ్చెన తీసుకుని ముసలామె కుర్చీని మోకాలితో పక్కకు నెట్టింది.

"నువ్వు కింద వాకిట్ల నిలవడి చెప్పు. నేను చేస్త."

అతను ఎండలో నిలబడి అరిచాడు. "ముందుగల మెయిన్ బంద్ చెయ్యి. మూత లేపు. రెండు జాలీలుంటయి."

"జాలీలు కావియి, దుమ్ము పరుపులు. పండుకోవచ్చు," అంది లోపలి నుంచి.

అన్ని ఇళ్లలోనూ అదే గడప, అదే కుర్చీ. ఊళ్లో సగం పడకగదుల మగవాళ్లు ఎడారిలో ఉంటే, మెకానిక్‌కు వాకిలే దిక్కయింది. అతను అరుస్తాడు, ఆమె చేస్తుంది. నెల తిరిగేసరికి అరుపులు తగ్గాయి. వేసవిలో పదిహేను రోజులకోసారి జాలీ కడగాలని, నీళ్లు పోయే పైపులో నాచు పడితే గోడ ఏడుస్తుందని, బయటి డబ్బాకు గాలి ఆడకపోతే లోపల చల్లదనం రాదని ఆమె నోటికొచ్చింది. ఒకామె బయటి డబ్బా ఎండకు మాడుతోందని జాలిపడి, తునికాకు కట్టకు చుట్టినట్టు తడి గోనెపట్టా చుట్టింది.

"గిది ఆకు కాదు, మెత్తవడనీకి. ముక్కు మూసి ఉరుకుమంటె ఉరుకుతదా?" అని బాలలక్ష్మి పట్టా ఊడదీసి ఆమె చేతిలోనే పెట్టింది.

మార్చిలో సిరిసిల్ల నుంచి పిలుపొచ్చింది. మరమగ్గాల షెడ్డుకు ఆనుకుని ఉన్న ఇల్లు. అలాంటి చోట నూలు పీచు పట్టి జాలీ గొంగడిలా తయారవుతుందని హన్మండ్లు ముందే చెప్పాడు. తీసి చూస్తే మామూలు దుమ్ము కూడా సరిగ్గా లేదు.

"మంచిగ కాపాడుకున్నవే సుజాతా," అంది బాలలక్ష్మి ఇంటావిడతో.

"కాపాడుడేంది అక్కా. మగ్గాలు బందై రెండు నెలలాయె. మా ఆయన మగ్గం పనికి భీవండి పోయిండు."

బాలలక్ష్మి శుభ్రంగా ఉన్న జాలీనే మరోసారి కడిగింది.

తిరుగు బస్సులో రుద్రంగి దాటాక హన్మండ్లు మెల్లగా చెప్పాడు. "జగిత్యాల ఏజెంటు ఫోన్ చేసిండు. మస్కట్‌కే. వచ్చే నెల ఇంటర్వ్యూ."

"పోనంటివి."

"ఎండలున్నన్ని దినాలే ఈ పని. వానలు పడ్డంక మనల్ని ఎవలు పిలుస్తరు?"

ఆమె కిటికీ బయటికి చూసింది. వద్దనాలని ఉంది. కానీ వాళ్ల వాడలో ఏ భార్యా పోవద్దని నోరు తెరిచి అనలేదు. ఇష్టం లేక కాదు. అన్నది తనైతే ఆ తర్వాత ఇంట్లో వచ్చే ప్రతి కష్టానికీ పేరు తనదే అవుతుంది. ఊరందర్నీ తిట్టగల నోరు ఆ ఒక్క మాట దగ్గర మూతపడింది.

ఇంటర్వ్యూ రోజు హన్మండ్లు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని జగిత్యాల బస్సెక్కాడు. ఆమె బస్టాండుకు వెళ్లలేదు. తొమ్మిది సెలవులకు తొమ్మిదిసార్లు సాగనంపింది, చాలు. ఆ పొద్దున్నే మొగిలవ్వ కోడలు సుమిత్ర ఫోన్ చేసింది. ఏసీలోంచి వేడిగాలి వస్తోందట, అత్తకు ఆయాసంగా ఉందట. బాలలక్ష్మి సంచి భుజాన వేసుకుని వెళ్లింది. బయటి డబ్బా రెండో అంతస్తులో, పడకగది కిటికీ అవతల సజ్జ మీద ఉంది. కాసేపు చూసి భర్తకు ఫోన్ కలిపింది.

"డబ్బా గుయ్యిమంటుంది. రెక్క తిరుగుతలేదు."

"కెపాసిటర్ పోయింది. ముట్టకు."

"కొత్తది సంచిల ఉన్నది. నేను మారుస్త."

"మెయిన్ బంద్ చేసినా దాంట్ల కరెంటు నిలవుంటది. పట్టుకుంటె ఇసిరి కొడ్తది. ఏడ నిలవడ్డవో సూస్కున్నవా? ఆగు."

"ఎంతసేపు ఆగాలె? రెండేండ్లా?"

అటునుంచి బస్సు చప్పుడు వినపడింది. తర్వాత కండక్టర్ ఎవరినో తిడుతున్నాడు. ఫోన్ కట్ అయింది.

బాలలక్ష్మి కిటికీ దిమ్మ మీద కూర్చుంది.

"అన్న వస్తడా అక్కా?" అని సుమిత్ర అడిగింది.

"వస్తడో, పోతడో. పోవుడు అలవాటైన కాళ్లు."

గంట గడిచింది. ఆ గంటలో ఆ డబ్బాలో చెయ్యి పెట్టాలని ఆమెకు రెండుసార్లు అనిపించింది. మొదటిసారి నేర్చుకుందామని, రెండోసారి కోపంతో. రెండుసార్లూ చేతులు ఒడిలోకి తీసుకుంది.

మేడిపల్లిలో బస్సు దిగి, దొరికిన ఆటో పట్టుకుని వచ్చాడు హన్మండ్లు. తెల్లచొక్కా వీపుకు అతుక్కుపోయింది. గడప దగ్గర మొగిలవ్వ నెత్తిన తడి తువ్వాల వేసుకుని అదే కుర్చీలో రొప్పుతోంది. అలవాటు కొద్దీ అతను గడప ఇవతలే ఆగాడు.

"పో కొడుకా, లోపలికి పో."

"మొగోడు పోవద్దంటివి గదనే."

"గీ ఎండల మొగోడేంది, ఆడిదేంది. పో."

అతను గడప దాటాడు. బాలలక్ష్మి వైపు చూడకుండా ముందు ఆమె చేతుల వైపు చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి. కిటికీలోంచి వంగి, కెపాసిటర్‌లో నిలిచిన కరెంటు తీసేసి, పాతది విప్పి కొత్తది పెట్టాడు. ఆమె మెయిన్ వేసింది. రెక్క ఒకసారి తటపటాయించి తిరిగింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఏజెంటు గొంతు గది మొత్తానికి వినిపించింది. "ఏడున్నవయ్యా? రెండుసార్లు నీ పేరు పిలిచిన్రు. వస్తున్నవా, ఇంకోన్ని తీస్కోమంటవా?"

హన్మండ్లు భార్యను చూశాడు. ఆమె స్క్రూలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకుంది. అడగదు, ఆ సంగతి అతనికి తెలుసు.

"తీస్కోండ్రి సార్," అన్నాడు. "నేను పనిల ఉన్న."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బాలలక్ష్మి ముక్కు చీదింది. చెంగుతో మొహం మొత్తం ఒకసారి గట్టిగా తుడుచుకుంది.

"పనిల ఉన్నోనివైతే గా మూత బిగియ్యి," అంది. "ఇంక అంజవ్వ ఇంట్ల ఏసీ సూడాలె. గామె నాకంటె ఎక్కువ తిడ్తది."