కోగీ అక్క కట్టిన రెండో దండ

"ఆ మనిషి ఎవరో, ఎలాంటివాడో మనకేం తెలుసు? రోజూ సాయంత్రం తేజని అతని చేతుల్లో వదిలేసి రావాలా?"

నేనీ మాట అంటే మావారు జనార్దన్ నవ్వారు. "సాకర్ క్లబ్బు కమిటీ చైర్మన్ రామసామి గారే పూచీ ఉన్నారు. పాత క్లబ్బులో తనకి దండ వేసి సాగనంపిన ఫోటో కూడా ఆ కోచ్ చూపించాడట. ఇంకేం కావాలి నీకు?"

అది 1997. మేం కాకినాడ నుంచి డర్బన్ వచ్చి రెండేళ్ళయింది. నేను మొబేనిలో ఒక రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుని. ఇల్లు ఖర్వాస్తాన్‌లో. తేజకి ఏడేళ్ళు, వాడికి సాకర్ పిచ్చి. ఫలానా మనిషిని పిల్లల దగ్గరకి రానివ్వచ్చా అని అడగడానికి ఇక్కడ ఏ ఆఫీసూ లేదు. కమిటీ పెద్దలు మంచివాడంటే మంచివాడు, అంతే.

ఆ బెంగ తీసుకెళ్ళి కోగీ అక్క దగ్గర చెప్పుకున్నాను. చాట్స్‌వర్త్‌లో గుడి బయట బల్ల వేసుకుని పూలదండలు కట్టి అమ్మేది ఆవిడ. చెరకు తోటల్లో పనికని విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళ మునిమనవరాలు. ఇంట్లో అందరికీ ఇంగ్లీషే. అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగు కొంచెం మిగిలింది. ప్రతి శుక్రవారం నాతో దాన్ని బయటికి తీసేది.

"కోచ్ ఎవరు?" అంది, చేతిలో బంతిపూలు వరస పెడుతూ.

"లయొనెల్ అట. ఉమ్‌హ్లాలి నుంచి వచ్చాడట."

దారం ఆగిపోయింది. "నీ పిల్లోడు పోయినాడా ఇంకా?"

"లేదక్కా. వచ్చే శనివారం స్వాగత సభ. ఆ రోజే చేర్చాలి."

"హైకోనా." ఇక్కడి ఫ్యాక్టరీల మాటలో అది వద్దంటే వద్దని చెప్పడం. "పిల్లోడ్ని ఇంట్లో పెట్టు. నువ్వు కూసో ఇక్కడ."

కూర్చున్నాను. ఆవిడ పూలు పక్కకి నెట్టి చెప్పింది.

ఆవిడ కొడుకు క్రెషెన్ తొమ్మిదేళ్ళప్పుడు చాట్స్‌వర్త్ క్లబ్బులో ఈ లయొనెల్ దగ్గరే ఆడేవాడు. ఒకరోజు ఇంటికొచ్చి బూట్లు మంచం కిందకి తోసేసి, ఇక వెళ్ళనన్నాడు. ఎందుకో వాడి నోట రప్పించడానికి ఆవిడకి చాలాకాలం పట్టింది. వాడు చెప్పింది ఆవిడ నాకు ఒక్క వాక్యంలో చెప్పింది. దాన్ని ఇక్కడ రాయను. అది క్రెషెన్‌ది.

అప్పుడు ఆ క్లబ్బుకీ చైర్మన్ రామసామే. కోగీ అక్కకి చినమామ, మామగారి సొంత తమ్ముడు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పింది. "మేం చూసుకుంటాం. నువ్వు నోరు విప్పకు, పిల్లాడి పేరు పోతుంది" అన్నాడాయన. వారం తిరక్కుండా క్లబ్బు మనిషొకడు వచ్చి, ఏదో ఫంక్షనుకి పెద్ద దండ కావాలన్నాడు. బంతిపూల మధ్య ఎర్రగులాబీలు పెట్టి కట్టిచ్చింది. శనివారం హాలు ముందు నుంచి వెళ్తూ తొంగిచూస్తే, ఆ దండ లయొనెల్ మెడలో ఉంది. రామసామి చప్పట్లు కొడుతున్నాడు.

ఇక్కడి మనవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. టీచరో, పూజారో, కోచో, ఎవరు వెళ్ళిపోతున్నా దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఫోటో తీయించి పంపిస్తారు. పెద్దలు చూసుకున్నది అలాగన్నమాట. ఇంట్లో చెత్త పక్కవాళ్ళ వాకిట్లోకి ఊడ్చేశారు. ఆ ఫోటో పట్టుకుని లయొనెల్ ఉమ్‌హ్లాలిలో కోచ్ అయ్యాడు.

"నా పూలు," అంది కోగీ అక్క. ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి. "ఈ చేత్తో కట్టింది. ఆ పొద్దు నుంచి వాడికి ఇంకో దండ కట్టాలని ఉన్నాను."

పోలీసుల దగ్గరికి వెళ్తే, పిల్లాడే వచ్చి చెప్పాలన్నారు. క్రెషెన్ చెప్పలేకపోయాడు. అప్పుడావిడ బస్సెక్కి ఉమ్‌హ్లాలి వెళ్ళడం మొదలుపెట్టింది. మైదానానికి కాదు. ఆట మానేసిన పిల్లలెవరో కొట్లలో వాకబు చేసి, వాళ్ళ ఇళ్ళకి. కొందరు తలుపేసుకున్నారు. హేజెల్ అనే తల్లి తలుపు తీసి, లోపల కూర్చోబెట్టి, తన కొడుకు విప్పేసిన బూట్లు తెచ్చి చూపించింది. ఆ బూట్లు పారేయలేకా, ఇంకో పిల్లాడికి తొడగలేకా దాచుకుంది. అలాంటి తల్లులు ఇంకా దొరికారు.

కోగీ అక్క బల్ల కింద నుంచి గోనెసంచీ లాగి మూతి విప్పింది. నిండా చిన్న చిన్న బూట్లు.

"ఆ సభకి దండ ఎవరు తెస్తారు?" అని అడిగింది.

"నేనే," అన్నాను. గుడికి వెళ్తుంటారు కదా అని రామసామి గారు ఆ పని నాకే అప్పజెప్పారు. దండ తను కట్టి డబ్బాలో పెట్టిస్తానంది ఆవిడ, సభ దాకా మూత తీయకుండా తీసుకెళ్ళమంది.

"అక్కా, మేం నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళం. మమ్మల్ని వెలేస్తారు," అన్నాను. అంతటితో ఊరుకోక ఇంకో తెలివితక్కువ మాట కూడా అన్నాను. "దేశమంతా క్షమించుకుంటోంది కదా." వర్ణవివక్ష నాటి నేరాలు కమిషన్ ముందు ఒప్పుకున్నవాళ్ళకి క్షమాభిక్ష పెట్టడం టీవీలో చూపిస్తున్న రోజులవి.

ఆవిడ నవ్వింది. "టీవీలో నేనూ చూస్తాను పిల్లా. అక్కడ మనిషి వస్తాడు, నేను చేసినాను అంటాడు. ఈడు అన్నాడా? ముందు అనమను. అన్నా సరే, నేను చెయ్యను క్షమ. నీకు తేజ కావాలా, చినమామ కావాలా?"

మా ల్యాబులో ఒక నియమం ఉంది. బాగున్నాయని అమ్ముడుపోయిన రంగు డబ్బాలు మాకేమీ చెప్పవు. తిరిగొచ్చిన డబ్బాలనే ముందు తెరవాలి. పసిపిల్లాడి విషయంలో నేను ఆ పాటి కూడా ఆలోచించలేదు. ఆవిడిచ్చే దండ డబ్బా సభకి తీసుకెళ్తానని ఒప్పుకున్నాను.

శనివారం హాలు నిండింది. తేజని పక్కింటివాళ్ళ దగ్గర వదిలి వెళ్ళాను. రామసామి మైకు పట్టుకున్నాడు, పక్క కుర్చీలో లయొనెల్. "ఆరేళ్ళ కిందట ఈ చేతులతోనే సాగనంపాను. ఈరోజు ఈ చేతులతోనే స్వాగతం చెబుతున్నాను," అంటూ నేనిచ్చిన డబ్బా మూత తీశాడు. చెయ్యి లోపల పెట్టి, అలాగే ఉండిపోయాడు.

వెనక వరస నుంచి కోగీ అక్క లేచి వచ్చింది, పక్కన హేజెల్. కోగీ అక్క డబ్బాలోంచి దండ పైకెత్తింది. లావుపాటి తాడుకి జతలు జతలుగా బూట్లు, జతకీ జతకీ మధ్య బంతిపూల గుత్తి. పెళ్ళిదండ కట్టినంత శ్రద్ధగా కట్టింది.

"వెయ్యి చినమామా. పోయినసారి నువ్వే వేసినావు కదా."

"ఇదేం మర్యాద కోగీ? పిల్లలున్నారిక్కడ."

"పిల్లలు ఉన్నారు అనే తెచ్చినాను."

"ఎప్పటివో పాత సంగతులు..."

"బూట్లు చూడు. పెరగలేదు అవి. అంతే ఉన్నాయి."

హేజెల్ వేలు పెట్టి ఒక జత చూపించింది. "ఆ నీలం బూట్లు మా అబ్బాయివి. అప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు," అంది ఇంగ్లీషులో, లయొనెల్ వైపే చూస్తూ. హాల్లో తల్లులంతా తమ పిల్లల్ని దగ్గరికి లాక్కోవడం చూశాను.

లయొనెల్ లేవబోయాడు. అప్పటికే కోగీ అక్క దండ అతని మెడలో వేసేసింది. ఆ బరువుకి తల వంగింది.

"లోగన్, తియ్యి ఫోటో," అంది కోగీ అక్క. మొదటి ఫోటో తీసింది కూడా లోగనే. అతను రామసామి వైపు ఒకసారి చూసి, కెమెరా ఎత్తాడు. నాకు జాలి కలగలేదు. ఇంకో ఫోటో తీస్తే బాగుండుననిపించింది.

లయొనెల్ ఆ వారమే ఊరు వదిలిపోవాలని చూశాడు. ఈసారి హేజెల్ ముందు నడిస్తే, మిగతా తల్లులు ఆమె వెంట పోలీసుల దగ్గరికి వెళ్ళారు. కేసు ఇంకా నడుస్తోంది. కోగీ అక్క దానికోసం ఆగలేదు. ఆ ఫోటో ప్రతులు తీయించి, తీరం పొడుగునా ఒక్కో క్లబ్బుకీ తనే పట్టుకెళ్ళి ఇచ్చింది. అందులో దండ పట్టుకున్న ఆవిడ చెయ్యీ, పక్కన నోరు తెరిచిన రామసామీ స్పష్టంగా ఉన్నారు.

ఆయన ఒకరోజు బల్ల దగ్గరికి వచ్చి బతిమాలాడు. "ఇక చాలు కోగీ. తల ఎత్తుకోలేకపోతున్నాను."

"నీకు చాలు చినమామా. నాకు చాలలేదు," అని ఆవిడ పూలు కట్టుకుంటూ కూర్చుంది.

క్రెషెన్ ఒక ప్రతి అడిగి తీసుకున్నాడట. ఏం చేసుకున్నాడో ఆవిడ అడగలేదు.

ఇప్పుడు తేజ ఈత నేర్చుకుంటానంటున్నాడు. నేర్పేవాడు మంచివాడేనని కొలను దగ్గర తల్లులంతా చెప్పారు. వాళ్ళు చెప్పింది విని, ఎవరెవరు మానేశారని అడిగాను. గోనెసంచీ మూతి కడుతూ కోగీ అక్క ఆ రోజు నాతో అన్న మాట అదే:

"ఆడుతున్నోళ్ళను అడగొద్దు పిల్లా. మానేసినోళ్ళ ఇంటికి పో. టీ ఇస్తే తాగు. వాళ్ళు చెప్పేదాకా లేవొద్దు."

నిన్న మొదటి ఇంటికి వెళ్ళాను. టీ ఇచ్చారు. తాగి, కూర్చున్నాను.