కాళ్లను అడిగి బాట వేసిన మేస్త్రి

మా నల్లగొండ చౌరస్తాను బాగుచేసిన సడకు మేస్త్రి మొన్న బేస్తవారం పొద్దుగాల పోయిండు. పానగల్ నుంచి పాలు తెచ్చేటాయన నా సైకిల్ దుకాణం ముందర కాలు దించి చెప్పిండు. "మేస్త్రి పోయిండే" అన్నడు. ఆ వెంటనే "జర ముందు చక్రంల గాలి కొట్టు" అన్నడు. కొట్టిన. ఏ వార్త విన్నా పంపు సప్పుడు ఒక్కతీర్గనే ఉంటది.

సదువు నాకు నాలుగో తరగతి కాడ్నే ఆగింది. అందుకని ఆయన గుణగణాలు వర్ణించలేను. జరిగింది చెప్త.

సాగర్ కట్ట పని మొదలైన కొత్తల. రాళ్ల లారీలు, సిమెంటు లారీలు మా చౌరస్తా మీదికెల్లే పోయేటియి. బస్సులు, ఎడ్లబండ్లు, సైకిళ్లు, గొర్రెల మందలు, నెత్తిమీద గంపలు, అన్నీ ఒక్క తోవల్నే. సడకు వెడల్పు చెయ్యాలని దఫ్తర్ల నక్ష గీసిన్రు. నడుమ గుండ్రటి గద్దె, సుట్టు లారీలకు తోవ. నడిచేటోళ్లకు గీత లేదు.

"లారీకి హారనున్నది, సైకిలుకు గంటున్నది. నడిచేటోనికేమున్నదిరా? దగ్గు!" అనేటోడు మేస్త్రి.

నడక బాట కావాలని ఇంజనీరును అడిగిండట. "అవసరమని చూపిస్తే ఇస్త. నాలుగు దినాలకు వస్త" అన్నడట ఆయన. మేస్త్రి ఏం జేసిండు? జల్లెడ పట్టిన సన్నమట్టి తెచ్చి సడకు అంచుల పొంటి పరిచిండు. పొద్దుగాల నీళ్లు చల్లి సాపు చేసుడు, మాపటికి వంగి అడుగులు చూసుడు. "నేను గీస్తె తప్పు పోవచ్చు, కాళ్లు తప్పు పోవు" అని చౌరస్తల నిలబడి నవ్విండు.

అడుగులన్నీ నా దుకాణం దిక్కే పడ్డయి. ఆడ బాటొస్తే నా రేకుల పందిరి లేవాలె. పందిరి లేకుంటే ఎండల కూసోని పంచర్లు ఎయ్యాలె. నాకు సుర్రుమన్నది.

చౌరస్తల దిష్టి తీసి పారేసినదాన్ని మనోళ్లు తొక్కరు, దాటరు. సుట్టు తిరిగి పోతరు. మూడో దినం పొద్దుగాల రెండు నిమ్మకాయలు కోసి, కుంకుమ అద్ది, ఎండు మిరపకాయ తోడు పెట్టి, ఆ మట్టి నడిమిట్ల పెట్టిన. పగటీలి, ఎండ నెత్తిమీదికొచ్చే దాక ఒక్క అడుగు పడలే. మట్టి అలికిన అరుగు లెక్కనే ఉన్నది. లోపల కూసోని నవ్వుకుంటున్న.

గప్పుడే వంకాయల గంపెత్తుకొని ఒక అవ్వ వచ్చింది. నిమ్మకాయలు చూసి "అమ్మో" అని లారీ తోవలకు దునికింది. ఎనకనే లారీ. డ్రైవరు బిరికి తొక్కిండు. అవ్వ ఒకదిక్కు, గంప ఒకదిక్కు. వంకాయలు టైర్ల కింద చితికినయి.

"నీ జిమ్మడ! ఎవని దిష్టిరా గిది, నా పానం తీయబట్టె!" అని మోకాలు పట్టుకొని తిట్టింది.

మేస్త్రి ఉరికొచ్చి లేపిండు. మిగిలిన వంకాయలు ఏరిండు. మట్టిని చూసిండు, నా చేతి ఏళ్లను చూసిండు. కుంకుమ ఇంకా కడుక్కోలే నేను.

"ఏంరా, బొట్టు ఎవలికి పెట్టినవ్?"

నేను చెయ్యి అంగికి రుద్దుకున్న. ఆయన నా పేరు ఎవలికీ చెప్పలే. గిలాసెడు నీళ్లడిగి, ఆ నిమ్మకాయలే పిండుకొని అందరి ముందట గటగట తాగిండు. "జర ఉప్పుంటే మంచిగుండు" అన్నడు. మంది నోళ్లు తెరిచి చూసిన్రు.

అటెనక అవ్వ గంప నా నెత్తికెత్తిండు. "బస్సుల అడ్డా దాక పోయిరా. లారీ తోవల్నే పో."

పోయిన. ఎనక హారను కొట్టిన్రు. తల తిప్పుదామంటే గంప తిరగనియ్యదు. పక్కకు జరుగుదామంటే ఏ పక్క ఖాళీయో తెల్వదు. యాభై అడుగులకే అంగి తడిసింది. అవ్వ గిట్ల ఎన్నేండ్ల సంది నడుస్తాందో అడగాలనిపించింది.

ఆ మాపటికి పందిరి గుంజలు నేనే పీకిన. తెల్లారి ఇంజనీరు వచ్చిండు. మట్టి నిండ అడుగులు. గుంజల గుంతలు చూసి, "ఈడ పందిరుండెనా?" అని అడిగిండు.

"ఉండె సారూ. ఆయిననే తీసిండు" అన్నడు మేస్త్రి. అప్పటిదాక నన్ను 'రా' అనుడే గని 'ఆయిన' అనలే.

నడక బాట పడ్డది. దానికీ లారీ తోవకూ నడుమ సైకిళ్లకు బారెడు జాగ ఇడిసి, రాళ్లు పాతించిండు. పందిరి పోయినంక దుకాణం ఎనక్కి జరుపుకున్న. ఎండకు నల్లబడ్డ, గదే నష్టం.

బేస్తవారం మాపు పాడె మా చౌరస్తా మీదికెల్లే పోయింది. ఆ పూట సడకంతా మోసేటోళ్లదే, ఎవలొద్దంటరు? వాళ్లు మాత్రం ఎవలూ చెప్పకుండనే నడక బాట ఎక్కిన్రు. ఎదురొచ్చిన బస్సుకు నడుమల తోవ ఖాళీగనే ఉన్నది. అయినా డ్రైవరు ఇంజను బంద్ చేసిండు. కిటికీలల్ల తలలు బయటికొచ్చినయి. డప్పు ముందుకు పోయినంక, వట్టికాళ్ల సప్పుడు ఒక్కటే నా దుకాణం ముందర నుంచి మెల్లగ పోయింది.