కుడిపక్క పువ్వు

ఆ సినిమా నాకు ఒక్క ముక్క కూడా నచ్చలేదు. హిందూపురంలో ఉండే మా చెల్లెలు పొద్దుటి ఆటకు టికెట్లు తెచ్చి నన్నూ, నాయననూ, నా కూతురినీ బలవంతంగా లాక్కుపోయింది. అదొక హత్య కథ. ఒకడు బస్సులో తన సీటు ఎవరో పెద్దాయనకు ఇస్తాడు, ఆ సీట్లోనే ఆయనను చంపేస్తారు. ఇక అక్కడి నుంచి అన్నీ అనుకోకుండా జరిగేవే. ఒకడి ఫోను సరిగ్గా అప్పుడే ఆగిపోతుంది, ఇంకొకడి బండి సరిగ్గా అక్కడే పంక్చరవుతుంది. చివర్లో హంతకుడు బేడీలతో నిలబడి, "చంపింది నేను కాదు, రాత" అంటాడు. హాలంతా ఈలలు. నాకు ఒళ్ళు మండిపోయింది. కత్తి పట్టుకున్నవాడు రాత గురించి మాట్లాడితే ఈలలెందుకు?

పక్కన నాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. "నిజమే కదమ్మా, మన చేతుల్లో ఏముండాది!" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకు అసహ్యంగా అనిపించింది.

నేను పది పాసైన ఏడు పెనుకొండ కాలేజీలో చేరతానన్నాను. నాయన దేవుణ్ణి పూలు అడుగుదామన్నాడు. ధర్మవరంలో మా వీధి గుడిలో పూజారి రోజూ ఉండడు, ఇంటి పెద్దలే విగ్రహం రెండు భుజాలకూ పూలు నీళ్ళతో తడిపి అతికిస్తారు. కుడి పువ్వు ముందు రాలితే సరే అన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. నాయన కుడిపక్క పువ్వును నీళ్ళలో బాగా ముంచి, వేలితో అదిమి పెట్టాడు. ఎడమది తడీ పొడీగా ఊరికే ఆనించాడు. పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడి నేనంతా చూశాను. మేం నేసే పట్టుచీరకు అంచు ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు. రెండో మనిషి కూర్చుని అంచు వైపు దారం కండె ఉన్న నాడె అందిస్తే తప్ప మగ్గం నడవదు. అదివరకు కూర్చునే అవ్వకు చూపు తగ్గింది. ఎడమ పువ్వు రాలింది, నేను మగ్గంలో కూర్చున్నాను. పెళ్ళయ్యాక కూడా అదే మగ్గం.

హిందూపురం నుంచి తిరుగు బస్సు ఎక్కాం. కూతురు కిటికీ పక్కన, మధ్యలో నేను, ఇవతల నాయన. సోమందేపల్లి దాటాక ఆయన గొంతు సవరించుకున్నాడు. "పాప పది పాసాయ గదా. సోమారం దినం పూలడిగేద్దాం. మీ ఆయన గూడా సరే అన్యాడు."

"నా కూతురి జోలికొస్తే ఊరుకోను నాయనా. ఆపొద్దు నీ వేళ్ళు యాడ అదిమినాయో నేను చూస్తి" అన్నాను. ముందు సీటువాళ్ళు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆయన ఉలిక్కిపడతాడనుకున్నాను. పడలేదు.

"నువ్వు చూసినావని నాకు తెలుసులేమ్మా. చూసి గూడా నోరెత్తకపోతివి. నీకూ చదువు మీద మనసు లేదేమో అనుకుంటి."

ఇన్నేళ్ళూ దొంగతనం ఆయనదే అనుకున్నాను. ఇప్పుడు అందులో నాకూ వాటా ఉందంటున్నాడు. దేవుడి ముందు కన్నతండ్రిని దొంగ అనడానికి పదహారేళ్ళ పిల్లకు నోరెలా వస్తుంది? ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే నా చేత పళ్ళెం పట్టించాడు. ఆయన మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

బస్సు పెనుకొండలో ఆగింది. కూతురి చెయ్యి పట్టుకుని లేచాను. "పద, అప్లికేషన్ తెచ్చుకుందాం" అన్నాను. అది నా కంటే ముందు నడిచింది.

నాయన నా కొంగు పట్టుకున్నాడు. "అట్లయితే, నీ తర్వాత మగ్గంలో ఎవురు కూసుంటారమ్మా?"

దేవుణ్ణి అడ్డం పెట్టుకోకుండా ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది. కొంగు లాక్కుని దిగాను.